బ్రెస్ట్ ఫారంలు: చీరకట్టుకు ఎంచుకోవడం, ధరించడం, ఎండల్లో కాపాడుకోవడం

ఆడవేషం కట్టే మగవాళ్లలో చాలామందికి చీర కుదురుతుంది, జడ కుదురుతుంది, బొట్టూ కాటుకా కుదురుతాయి. ఛాతీ దగ్గరికి వచ్చేసరికే చిక్కు మొదలవుతుంది. జాకెట్టులో పాత గుడ్డలు కుక్కితే కాసేపటికే ఒకవైపు గడ్డకడుతుంది, మరోవైపు మెడ దాకా ఎగబాకుతుంది. ఈ అవసరానికి సరిగ్గా సరిపోయేవి బ్రెస్ట్ ఫారంలు. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన మహిళలు వాడే కృత్రిమ వక్షోజాలే ఇవి. క్రాస్‌డ్రెసింగ్ చేసేవాళ్లకూ, అంటే ఆడవేషం కట్టే మగవాళ్లకూ, అంతే బాగా పనికొస్తాయి.

వీటి గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చల్లని దేశాల నుంచి వచ్చినవి. మన నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, గద్వాల వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఇంట్లో బోరు నీళ్లు, పైన రేకులు, ఒకే బీరువాలో నలుగురి బట్టలు. ఈ పరిస్థితుల్లో ఫారంలను ఎలా వాడాలో, ఎలా కాపాడుకోవాలో మనమే చెప్పుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలామంది ఉన్న డబ్బంతా ఫారంల మీద ఖర్చు పెట్టి, వాటిని మోయడానికి చేతికందిన చవక బ్రా వేసుకుంటారు. భుజాల నొప్పి, ఫారం జారడం, ఒకటి పైకి ఒకటి కిందికి కనబడడం, జాకెట్టు నప్పకపోవడం, అన్నీ అక్కడి నుంచే వస్తాయి. బ్రా కుదిరితే మామూలు స్పాంజి ఫారం కూడా అందంగా నిలబడుతుంది. అది కుదరకపోతే ఎంత ఖరీదైన సిలికానైనా చిన్నబోతుంది.

ముందుగా, భయం గురించి

మగవాడు చీర కట్టుకుంటే పోలీసు కేసు అవుతుందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. చీర కట్టుకోవడం నేరం కాదు. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో అంటే 1919లో వచ్చిన తెలంగాణ నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయించి, వాళ్లు ఆడదుస్తుల్లో బజారులో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. తరాల తరబడి మన ప్రాంతంలో పాతుకుపోయిన భయానికి మూలాల్లో అదొకటి. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఒగ్గుకథలో, వీధి భాగవతాల్లో మగవాళ్లు ఆడవేషం కట్టడం మన ఊళ్లు ఎప్పటి నుంచో చూస్తున్నదే. సిగ్గుపడాల్సిన పని ఇందులో ఏమీ లేదు. ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మాత్రం పూర్తిగా మీ ఇష్టం, మీ భద్రతను బట్టి మీరే తేల్చుకోవాలి.

ఏ రకం తీసుకోవాలి

సిలికాన్ ఫారం: మెత్తటి సిలికాన్ జెల్‌ను పలుచని పాలియురెథేన్ పొరలో నింపి చేస్తారు. ఒంటి వేడికి వెచ్చబడుతుంది, నడిస్తే సహజంగా కదులుతుంది. మధ్యస్థ సైజు ఫారం ఒక్కోటి సుమారు 400 నుంచి 600 గ్రాములు తూగుతుంది. అంటే జత కలిపితే దాదాపు కిలో. చెమట పీల్చదు. మన ఎండలకు ఇదే దాని పెద్ద లోపం.

స్పాంజి ఫారం: తేలిక, చవక, ఉతకడం సులువు. బరువు లేకపోవడం వల్ల చేయి పైకెత్తితే తనూ పైకి వచ్చేస్తుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. వెనకవైపు, కింది అంచు దగ్గర చిన్న గుడ్డసంచి కుట్టి అందులో గుప్పెడు చింతగింజలు వేయండి. ఆ కాస్త బరువుకే కిందికి కుదురుకుంటుంది.

నూలుతో అల్లినవి: లోపల దూది లేదా ఫైబర్ నింపుతారు. క్రోషే వచ్చినవాళ్లు ఇంట్లోనే అల్లుకోవచ్చు. గాలి ఆడుతుంది. వేసవి పగటిపూట వీటిని మించినవి లేవని నా నమ్మకం.

గింజలు నింపినవి: డబ్బు పెట్టలేనివాళ్లకు, ఇప్పుడే మొదలుపెట్టే కుర్రాళ్లకు ఇది మంచి దారి. నైలాన్ మేజోడులో కొర్రలు పోసి మూతి బిగించి ముడివేసి, దానిపై ఇంకో మేజోడు తొడగాలి. కొర్రలు చిన్నవి, గుండ్రనివి, నున్ననివి కాబట్టి చేతిలో జారినట్టే మేజోడులోనూ జారి, నొక్కిన ఆకారానికి వస్తాయి. బియ్యం గుచ్చుకున్నట్టు ఉంటుంది, జొన్నలు గరుకుగా తెలుస్తాయి. వీటిని ఉతకలేం. చెమట తడి తగిలితే పురుగు పడుతుంది, చీమలూ వస్తాయి. వాడిన ప్రతిసారీ నీడలో ఆరబెట్టాలి, నెలకోసారి గింజలు మార్చాలి. నీళ్లు నింపిన బెలూన్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి నలుగురిలో ఉన్నప్పుడే పగులుతాయి.

మెడ నుంచి నడుము దాకా ఒకే తొడుగుగా వచ్చే సిలికాన్ ఛాతీ కవచాలు కూడా అమ్ముతున్నారు. ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి. కిలోల బరువు, గాలి అసలే ఆడదు. డిసెంబరు రాత్రి ఏసీ హాల్లో ఒక గంట ప్రదర్శనకైతే సరే. పాలమూరు ఎండాకాలంలో పెళ్లి పందిరి కింద వేసుకుంటే వడదెబ్బ తగిలే ప్రమాదముంది.

సైజు తేల్చుకోవడం

మొదట టేపు తీసుకుని ఛాతీ కింద, అంటే రొమ్ము కింది గీత రావాల్సిన చోట, ఊపిరి వదిలి చుట్టుకొలత తీయండి. ఇది అండర్‌బస్ట్. మన దేశంలో అమ్మే బ్రాల మీది 34, 36, 38 అంకెలు ఈ కొలత కన్నా సాధారణంగా నాలుగైదు అంగుళాలు ఎక్కువగా ఉంటాయి. మీ అండర్‌బస్ట్ 34 అంగుళాలు వస్తే దుకాణంలో అడగాల్సింది 38. కంపెనీని బట్టి కాస్త తేడా ఉంటుంది కాబట్టి అట్టపెట్టె మీది సెంటీమీటర్ల పట్టికతో సరిచూసుకోండి. మగవాళ్లు మొదటిసారి చేసే పొరపాటు బనియన్ సైజునే బ్రా సైజు అనుకోవడం. రెండింటికీ సంబంధం లేదు.

తర్వాత కప్పు. ఫారంలు పెట్టుకున్నాక ఛాతీ నిండుగా ఉన్నచోట కొలత తీస్తే, అది బ్రా అంకె కన్నా ఒక అంగుళం ఎక్కువుంటే ఏ, రెండైతే బీ, మూడైతే సీ. ఇక్కడ ఒక కిటుకు తెలుసుకోవాలి. కప్పు అక్షరం ఒక్కదాన్నే చూసి ఫారం కొనకూడదు. 34సీ, 36బీ, 38ఏ మూడింటిలోనూ పట్టే పరిమాణం దాదాపు ఒక్కటే. కాబట్టి అమ్మేవాళ్లకు అక్షరంతో పాటు మీ బ్రా అంకె కూడా చెప్పాలి.

పెద్దవి కావాలన్న కోరిక అందరికీ ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ మగవాళ్ల భుజాలు వెడల్పు, పక్కటెముకల గూడు పెద్దది. ఆ ఒంటి మీద బీ, సీ కప్పులే నిండుగా కనిపిస్తాయి. అంతకు మించితే చీరలో పొట్ట, నడుము కూడా లావుగా అగుపిస్తాయి, మెడ నొప్పి పెడుతుంది. కొనకముందే ఒక పరీక్ష చేయండి. పైన చెప్పినట్టు అరకిలో చొప్పున కొర్రలతో రెండు మేజోళ్లు నింపి, బ్రాలో పెట్టుకుని ఒక సాయంత్రమంతా ఇంటిపని చేసుకోండి. చపాతీలు చేయండి, మెట్లెక్కి దిగండి, కింద కూర్చుని లేవండి. రాత్రి పడుకునేటప్పుడు మెడ, వీపు ఏం చెబుతాయో అదే మీ సైజు.

ఎక్కడ కొనాలి

హైదరాబాద్ కోఠి ప్రాంతంలోని సర్జికల్ దుకాణాల్లో మాస్టెక్టమీ ప్రొస్థెసిస్ (రొమ్ము తీసేసినవాళ్లు వాడే కృత్రిమ వక్షోజం) కావాలని అడగవచ్చు. నల్లగొండ నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ అటూఇటూగా వంద కిలోమీటర్లే కాబట్టి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. చేత్తో పట్టుకుని బరువు చూసుకునే వీలుంటుంది, అదే లాభం. అక్కడ చాలావరకు ఒక్కోటిగా అమ్ముతారు, జత కావాలని చెప్పాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఒక్కోదాని బరువు గ్రాముల్లో రాసి ఉందా, వాపసు తీసుకుంటారా అన్నవి చూడాలి. ఒంటికి తాకే వస్తువు కావడంతో చాలామంది వాపసు తీసుకోరు. చిన్న ఊళ్లలో పార్సెల్ తెచ్చే కుర్రాడికి ఇంటిల్లిపాదీ తెలిసే ఉంటారు. నమ్మకస్తులైన స్నేహితుల చిరునామాకో, కొరియర్ ఆఫీసులోనే ఉంచమనో చెప్పుకోవడం నయం.

బ్రా: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

ఫారం బరువులో ఎక్కువ భాగాన్ని మోయాల్సింది ఛాతీ చుట్టూ ఉండే పట్టీ. భుజాల మీది పట్టీలు దాన్ని నిలబెట్టడానికి మాత్రమే. కింది పట్టీ వదులైతే బరువంతా భుజాల మీద పడి చర్మంలోకి గాడి పడుతుంది. బ్రా వేసుకుని అద్దంలో వీపు చూసుకోండి. వెనక పట్టీ ముందు పట్టీతో సమంగా అడ్డంగా ఉండాలి. వెనక పైకి లేస్తే వదులుగా ఉన్నట్టు. రెండు వేళ్లు దూరేంత బిగువు సరిపోతుంది. గట్టిగా ఊపిరి పీల్చలేకపోతే బిగుతు ఎక్కువైనట్టు, అప్పుడు ఇంకో సైజు బ్రా కొనే బదులు ఫ్యాన్సీ దుకాణంలో దొరికే హుక్కుల పొడిగింపు పట్టీ తగిలించుకోవచ్చు.

తీసుకోవాల్సినది మెత్తటి నూలు బ్రా, నిండు కప్పు, వెడల్పాటి భుజం పట్టీలు, వెనక మూడు హుక్కులు. తీగ ఉన్నది వద్దు. ఆ తీగ ఒకనాటికి గుడ్డలోంచి పొడుచుకు వచ్చి ఫారం పొరను చీలుస్తుంది. లోపల దూది పెట్టి కుట్టినవీ వద్దు, ఫారంకు చోటుండదు.

లోపల జేబు ఉన్న మాస్టెక్టమీ బ్రాలు దొరుకుతాయి. ఖరీదు ఎక్కువనిపిస్తే మామూలు బ్రాకే జేబు కుట్టుకోండి, పెద్ద పని కాదు. ఉతికి ఉతికి మెత్తబడిన మల్లు పంచె ముక్క తీసుకోండి. బ్రాను తిరగేసి, కప్పు మీద ఆ గుడ్డ పరిచి, కప్పు ఆకారాన్ని పెన్సిలుతో గీసి, చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించండి. అంచులు మడిచి పై అంచు, కింది అంచు, చంక వైపు అంచు కుట్టేయండి. మధ్య వైపు మాత్రం మూడు అంగుళాలు తెరిచి ఉంచండి, ఫారం దూరేది అక్కడి నుంచే. కుట్టు మిషన్ లేకపోతే సూదితో దగ్గర దగ్గరగా వెనక్కుట్టు వేసినా చాలు. కుట్టు పూర్తయ్యాక గుడ్డలో విరిగిన సూదిముక్క గానీ గుండుసూది గానీ మిగిలిపోలేదని వేలితో తడిమి చూసుకోవాలి. ఈ జేబు ఫారంను పట్టి ఉంచుతుంది, చర్మానికీ సిలికాన్‌కూ మధ్య నూలు పొరగా ఉండి చెమట పీలుస్తుంది, బ్రా తీసినప్పుడు ఫారం నేల మీద పడకుండా కాపాడుతుంది.

ధరించే వరుస

1. చేతి ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయండి. గోళ్లు పొడవుగా ఉంటే కత్తిరించి అంచులు అరగదీయండి. మెడలో హారం, నల్లపూసలు చివర్లో వేసుకోవాలి.

2. స్నానం చేసి ఛాతీ పూర్తిగా ఆరనివ్వండి. నూనె, బాడీ లోషన్, అత్తరు రాయకండి. ఛాతీ మీద రోమాలు ఉన్నా జేబు బ్రాతో ఇబ్బంది లేదు. మెడ కిందికి ఉండే జాకెట్టు వేసుకుంటేనే తీయాల్సి వస్తుంది.

3. చలికాలం ఉదయాల్లో సిలికాన్ మంచులా చల్లగా తగులుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి తుడుచుకోండి. పొయ్యి సెగ, హెయిర్ డ్రయర్, మైక్రోవేవ్ ఏవీ వాడకూడదు.

4. ఫారంలను ముందే జేబుల్లో పెట్టండి. నీటిచుక్క ఆకారంలో ఉన్నవైతే సన్నని కొస పైకి, చంక వైపు వాలి ఉండాలి. బరువైన భాగం కిందికి. కుడి ఎడమలు వేరువేరుగా ఉన్నవాటికి సాగిన అంచు ఎప్పుడూ చంక వైపే వస్తుంది.

5. ముందుకు వంగి బ్రా చేతుల్లోంచి తొడిగి, వంగే ఉండి హుక్కులు పెట్టండి. నిటారుగా నిలబడ్డాక ఒక్కో ఫారం కింద చేయి పెట్టి కొద్దిగా ఎత్తి కుదురుకోనివ్వండి.

6. పక్కకు తిరిగి అద్దంలో చూసుకోండి. ముందుకు పొడుచుకు వచ్చే బిందువు భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్య ఎత్తులో ఉండాలి. మగవాళ్ల చనుమొనలు దీనికన్నా కొంచెం పైన ఉంటాయి, వాటిని ఆనవాలుగా పెట్టుకుంటే ఫారంలు గొంతు కింద కూర్చున్నట్టు అవుతాయి. రెండింటి మధ్య రెండు వేళ్ల సందు ఉంచండి.

7. చేతులు పైకెత్తండి, నేల మీది వస్తువు తీయండి, కుర్చీలో కూర్చుని లేవండి. ఏమీ కదలకపోతే అప్పుడు జాకెట్టు.

మొదట్లో గంటో, రెండు గంటలో చాలు. ఒంటికి బరువు అలవాటయ్యాక సమయం పెంచుకోవచ్చు. ఛాతీ ముందుకు లాగుతున్నప్పుడు మనకు తెలియకుండానే భుజాలు ముడుచుకుంటాం, దాంతో గూని కనబడుతుంది. భుజాలు వెనక్కి, గడ్డం సమంగా ఉంచండి. ఫారంలు పెట్టుకుని పడుకోవద్దు.

జాకెట్టు, చీర, పిన్నీసులు

జాకెట్టు కొలతలన్నీ బ్రా, ఫారంలు వేసుకున్నాకే తీయాలి. ముఖ్యమైనవి రెండు: భుజం నుంచి పాయింటు (ఫారం ముందుకు పొడుచుకు వచ్చే చోటు) వరకు, పాయింటు నుంచి పాయింటు వరకు. డార్టుల (ఛాతీ దగ్గర గుడ్డను మడిచి వేసే కోణపు కుట్ల) కొసలు ఈ పాయింటు దగ్గర కలవకపోతే ఫారం ఎంత మంచిదైనా జాకెట్టు ముందుభాగం ముడతలు పడుతుంది. నాకు జాకెట్లు కుట్టే అక్క టేపు పెట్టే ముందు నా బ్రానే చూస్తుంది. "పాయింటు కిందికి జారింది తమ్ముడూ. ముందు పట్టీ సరిచేసుకో, ఆ తర్వాతే కొలత తీస్తాను" అంటుంది. ఆమె పద్ధతి అందరూ పాటించదగ్గది. టైలరు దగ్గరికి వెళ్లడం ఇబ్బందైతే సాగే గుడ్డతో కుట్టిన రెడీమేడ్ జాకెట్లు దొరుకుతాయి, ఒకటి రెండు అంగుళాల తేడాను అవే సర్దుకుంటాయి. మెడ పైకి ఉన్న జాకెట్టు ఎంచుకుంటే ఫారం పై అంచు కనబడుతుందేమోనన్న బెంగ ఉండదు.

చీరల విషయంలో మనం అదృష్టవంతులం. నారాయణపేట నూలు చీర ఒంటికి అతుక్కోకుండా కాస్త బిరుసుగా నిలుస్తుంది, ఫారం అంచులు కనబడవు. పోచంపల్లి ఇక్కత్ రంగుల గజిబిజిలో చిన్న హెచ్చుతగ్గులు కంటికి ఆనవు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. కొంగు బరువుకు ఎడమ ఫారం అణిగి కుడిదాని కన్నా కిందికి కనబడుతుంది కాబట్టి కొంగును సన్నని మడతలు పెట్టి, బరువు భుజం మీద పడేలా కట్టుకోవాలి. జార్జెట్, షిఫాన్ లాంటివి ఒంటిని పట్టేస్తాయి. చేయి తిరిగాక కట్టుకోవచ్చు.

ఇక పిన్నీసు. ఫారంకు దీన్ని మించిన శత్రువు లేదు. చాలా ఫారంలు చిల్లులు పడేది ఇక్కడే. కొంగు పిన్ను భుజం కుట్టు మీదే పెట్టాలి, అది కూడా చీరను, జాకెట్టును, బ్రా పట్టీని కలిపి, కొస వీపు వైపు తిరిగేలా. ఛాతీ మీద మడతలు జారకుండా అక్కడొక పిన్ను పెట్టడం ఆడవాళ్లకు అలవాటు. మనం ఆ పని చేయకూడదు. మడతలు నిలవాలంటే ఇస్త్రీ చేసి, కట్టేముందే భుజం దగ్గర, నడుము దగ్గర దారంతో రెండు కుట్లు వేసుకోండి. బ్రోచి, కొక్కెం ఉన్న లాకెట్టు కూడా పిన్నీసు లాంటివే.

జిగురుతో అతికించుకోవడం

బ్రా లేకుండా నేరుగా ఛాతీకి అతికించుకునే ఫారంలు, చర్మానికి వాడే మెడికల్ జిగుర్లు, రెండువైపులా అంటుకునే టేపులు ఉన్నాయి. మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి దాకా మాత్రమే వీటిని సిఫార్సు చేస్తాను. చెమట పడితే అంచుల నుంచి ఊడిపోతాయి. వాడాలనుకుంటే ముందురోజు మోచేతి లోపలి వైపు కాస్త రాసి 24 గంటలు ఆగండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ జిగురు మీకు పడదు. గడ్డంకత్తితో ఛాతీ గీసుకున్న రోజే అతికించకండి. తీసేటప్పుడు చర్మం మీది జిగురును కొబ్బరినూనెతో మెల్లగా కరిగించి సబ్బుతో కడగాలి. నూనె ఫారంకు తగలకూడదు. ఫెవిక్విక్, ఫెవికాల్, గోధుమరంగు ప్యాకింగ్ టేపు చర్మాన్ని పీకేస్తాయి. ఎవరెంత చెప్పినా వాడకండి.

చెమట, చర్మం

వేసవిలో ఉదయం తొమ్మిది తర్వాత, సాయంత్రం ఆరు లోపు సిలికాన్ వాడకపోవడం మంచిది. ఆ వేళల్లో అల్లినవి, స్పాంజివి చాలు. తప్పనిసరైతే ప్రతి రెండు గంటలకు గదిలోకి వెళ్లి బ్రా తీసి, ఛాతీని పొడిగుడ్డతో అద్ది, పది నిమిషాలు గాలి తగలనివ్వండి. ఇంకో బ్రా దగ్గరుంచుకుంటే తడిసినదాన్ని మార్చుకోవచ్చు. మజ్జిగ, నీళ్లు మాటిమాటికీ తాగండి. చీర విప్పే తలనొప్పి ఎందుకని నీళ్లు తాగకుండా ఉండేవాళ్లను చూశాను. అది చాలా ప్రమాదం.

చెమటకాయలు వస్తే నాలుగైదు రోజులు ఫారంలు పక్కన పెట్టి చల్లటి నీళ్లతో స్నానం చేస్తే తగ్గుతాయి. రొమ్ము కింది గీత దగ్గర ఎర్రగా, గుండ్రంగా, అంచు ఉబ్బి దురద పెట్టే మచ్చ వస్తే అది తామర కావచ్చు. మందుల దుకాణంలో అడగగానే చేతిలో పెట్టే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే రెండ్రోజులు తగ్గినట్టే ఉండి తర్వాత విపరీతంగా పాకుతుంది. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోండి. ఎందుకొచ్చిందో చెప్పలేననిపిస్తే బిగుతు బట్టల్లో చెమట పట్టిందని చెప్పినా వైద్యానికి సరిపోతుంది.

సొంతంగా ఛాతీ పెరగాలని గర్భనిరోధక మాత్రలు మింగేవాళ్లకు ఒక మాట. డాక్టరు పర్యవేక్షణ లేకుండా హార్మోన్లు వాడితే రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదముంది. ఆ కోరిక నిజంగా మనసులో ఉంటే ఎండోక్రినాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టరును, కలవండి.

విప్పిన రాత్రే కడగాలి

అలిసిపోయి వచ్చి ఫారంలను అలాగే సంచిలో పడేసి, ఆదివారం కడుగుదామనుకోవడం వల్లే అవి త్వరగా పాడవుతాయి. చెమటలోని ఉప్పు, ఒంటి జిడ్డు పొర మీద ఆరిపోతే మసకబారుతుంది, జిగటగా మారుతుంది, వాసన పడుతుంది.

ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు తీసుకోండి. టబ్బు అడుగున మెత్తటి గుడ్డ పరిస్తే చేతిలోంచి జారినా దెబ్బ తగలదు. పిల్లలకు వాడే సబ్బో, తేలికపాటి షాంపూయో చేతికి రాసుకుని అరచేత్తోనే గుండ్రంగా రుద్దండి. బట్టల సబ్బు, పీచు, బ్రష్షు, బ్లీచింగ్ వద్దు. వెనకవైపు గుంతను మరిచిపోకండి, చెమట చేరేది అక్కడే.

బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే బకెట్టుకు, కుళాయికి పట్టినట్టే ఫారం మీద తెల్లటి ఉప్పుపొర పడుతుంది. మన జిల్లాల్లో చాలాచోట్ల ఇదే సమస్య. అందుకని చివరిగా ఒక చెంబుడు మిషన్ భగీరథ నీళ్లో, ఫిల్టర్ నీళ్లో పోసి జాడించండి. తర్వాత నూలు తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఫ్యాను గాలికి, నీడలో, కడిగిన టబ్బు మీద పరిచిన పొడిగుడ్డ మీద ఆరనివ్వండి. దండెం మీద క్లిప్పు పెట్టి వేలాడదీయకూడదు. పూర్తిగా ఆరాక కూడా జిగటగా అనిపిస్తే చిటికెడు మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) అద్ది, ఎక్కువైనది దులిపేయండి.

స్పాంజివి, అల్లినవి అదే సబ్బునీళ్లలో పిండకుండా నొక్కి కడగాలి. సంచిలోని చింతగింజలను ముందే తీసి పెట్టుకోవాలి. బ్రాను ప్రతిసారీ ఉతకండి.

దాచిపెట్టడం

ఫారం కొన్నప్పుడు దాని ఆకారానికి సరిపోయే గిన్నెలాంటి అట్ట లేదా ప్లాస్టిక్ అచ్చు వస్తుంది. దాన్ని పారేయకండి. ఫారం వెల్లకిలా, వెనక గుంత అచ్చు మీద కుదిరేలా ఉంచితేనే ఆకారం చెడదు. అచ్చు లేకపోతే మెత్తటి బనియన్ గుడ్డను ఉండలా చుట్టి ఆ గుంతలో పెట్టండి. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టకూడదు, పైన బట్టల బరువు పడకూడదు.

రేకుల ఇంట్లో అటక మీద, బీరువా పై అరలో వేడి ఎక్కువ. కింది అరలో, గోడకు తగలకుండా ఉంచండి. బండి డిక్కీలోనో, ఎండలో నిలిపిన కారులోనో వదిలేయకండి. కలరా ఉండల పక్కన పెడితే ఆ వాసన ఎంత కడిగినా పోదు. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఒక్కోదాన్ని వేరే గుడ్డసంచిలో వేసి, మూత గట్టిగా ఉన్న టిఫిన్ డబ్బాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పెడితే బస్సులో ఎవరి సంచి మీద పడినా నలగదు. తాళాలు, దువ్వెన, జడపిన్నులు అదే డబ్బాలో వేయవద్దు.

చిల్లు పడితే

జెల్ బయటికి వస్తే కంగారు పడకండి. అది జిగటగా బట్టకు అంటుకుంటుందే తప్ప, చర్మానికి తగిలితే సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. చిల్లు చుట్టూ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పారదర్శకమైన గట్టి టేపు ముక్క అతికించండి. ఇది ఆ రోజు గడవడానికి మాత్రమే. అలా అతికించిన ఫారంను నేరుగా ఒంటికి తగలనివ్వకుండా జేబులోనే వాడుకుని, వీలైనంత త్వరగా మార్చేయాలి. రోజూ వాడే సిలికాన్ ఫారం రెండేళ్ల దాకా మన్నుతుంది. అప్పుడప్పుడూ వాడేదైతే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. అంచుల దగ్గర పొర ముడతలు పడినా, లోపల గాలి బుడగలు కదులుతున్నా, ఒకటి రెండోదాని కన్నా మెత్తబడినా వాడకం ముగిసినట్టే. పారేసేటప్పుడు పాత బనియన్‌లో చుట్టి, కవరులో మూతికట్టి పొడిచెత్తలో వేయండి. పెరట్లో చెత్తతో కలిపి కాల్చకండి, ఆ పొర కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అచ్చులూ డబ్బాలూ మాత్రం ఉంచుకోండి, కొత్త జతకు పనికొస్తాయి.